పాట చెప్పే గొంతు



మా కథలాపూర్ దిక్కు పాటను పాడరు, చెప్తారు. బతుకమ్మ కాడ "ఇయ్యాల పాట ఎవలు చెప్తరే?" అని అడుగుతారు తప్ప ఎవలు పాడతరు అని అడగరు. ఒగ్గు వాళ్లు కూడా కథ చెప్తారు. రాత్రి పది గంటల నుంచి కోడి కూసేదాకా రాగాలు తీసినా, చిందులు తొక్కినా దాన్ని చెప్పుడు అనే అంటారు. గొప్ప గొంతు అంటే ఏమిటో, నాకు ఇష్టమైన గాయకులు ఎవరో మాట్లాడమని అడిగినప్పుడు నాకు ముందుగా తట్టింది ఈ మాటే. నాకు సంగీతం రాదు. సరిగమలు ఏడని తెలుసు, అంతే. నాకున్న చదువల్లా మా ఇంటి అరుగు మీద అయిన చదువు.

ఆ అరుగు మీద పొద్దున్నే నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. ఒక్కొక్కరి ఒళ్లో ఒక చాట. చాటలో ఒక పక్క తంబాకు, ఇంకో పక్క రాత్రి నానబెట్టి తడిగుడ్డలో చుట్టిన తునికాకు. కత్తెర ఆడుతూనే ఉండేది. వెయ్యి బీడీలు అయితే తప్ప ఎవరూ లేచేవాళ్లు కాదు. కిటికీలో రేడియో. వివిధ భారతిలో జనరంజని వస్తుంటే, ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ చదువుతుంటే, మన కోరుట్ల పేరు వస్తుందేమోనని చెవి ఒగ్గేవాళ్లు. అంతకు ముందు తరానికి రేడియో సిలోన్, అందులో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు. ఆ తరం మనిషే మా బాపమ్మ. చాటలోంచి తల ఎత్తకుండానే పాడేవాళ్ల మీద తీర్పులు చెప్పేది. సుశీలమ్మ పాట వస్తే, "ఈమె మాట తేటగ ఉంటది. నీళ్లల్ల రాయి కనవడ్డట్టు కనవడుతది" అనేది. ఇంకెవరిదో పాట వస్తే, "ఈయన ఎవలో గని నోట్లె బెల్లంగడ్డ వెట్టుకొని చెప్తుండు" అనేది. ఆ గాయకుడి పేరు నేను చెప్పను. ఆయనకు అభిమానులు చాలామంది, నేనూ వాళ్లలో ఒకణ్ని.

మా బాపమ్మ గొంతు ఏమంత తియ్యనిది కాదు. ఏళ్ల తరబడి తంబాకు దుమ్ము పట్టిన గొంతు. మాట్లాడితే జీర, దగ్గితే ఆగదు. మా వాడకట్టులోనే ఒకామెకు తేనె లాంటి గొంతు ఉండేది. ఆమె జోలపాట పాడితే పిల్లల కంటే ముందు పెద్దలు నిద్రపోయేవాళ్లు. కానీ సద్దుల బతుకమ్మనాడు ఊరంతా ఒక్కచోట చేరినప్పుడు పాట చెప్పమని పిలిచేది మా బాపమ్మనే. ఎందుకలా అని నాకు అనుమానం. ఒకసారి బాపమ్మకు జ్వరం వచ్చి ఆ తేనె గొంతామె పాట చెప్పింది. పక్కనున్న పదిమందికి హాయిగానే ఉంది. అవతలి వైపు తిరుగుతున్న వాళ్లకు మాత్రం మాట అందలేదు. రెండు చరణాలు పోయేసరికి వాళ్లు వేరే పాట ఎత్తుకున్నారు. నడుమ బతుకమ్మలు, చుట్టూ రెండు పాటలు. ఇటు చప్పట్లు ఒక తీరు, అటు ఇంకో తీరు.

మరుసటి ఏడు బాపమ్మ చెప్తుంటే దగ్గరగా నిలబడి చూశాను. ఆమె గట్టిగా అరవడం లేదు. చరణంలో మొదటి అక్షరాన్ని చప్పట్టు మీద కొట్టి పలుకుతోంది. అది వినపడగానే మిగతా మాట ఏమిటో అవతలి వాళ్లకు దొరికిపోతోంది. వాళ్లు వంత అందుకున్నప్పుడు తను ఊపిరి తీసుకుంటోంది. వంత చివరి మాత్ర ఇంకా గాలిలో ఉండగానే తర్వాతి చరణం ఎత్తుతోంది, సందు పడనివ్వడం లేదు. దగ్గు వస్తే దాన్ని కూడా వంత నడుమ కానిచ్చేసింది. సంగీతం క్లాసులో శ్వాస గురించి, తాళం గురించి చెప్పే పాఠాలన్నీ అందులో ఉన్నాయని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇక మగవాళ్లలో నేను విన్న మొదటి గొప్ప గొంతులు ఒగ్గు వాళ్లవి. కోరుట్ల నుంచి మా ఊరి మీదుగా రుద్రంగి, చందుర్తి దాటిపోతే వేములవాడ. ఆ వేములవాడ దగ్గర హనుమాజీపేట అని ఒక ఊరుంది. సినారె ఊరు అంటే అందరికీ తెలుస్తుంది. 1931లో అక్కడ పుట్టిన నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగు ఆచార్యుడై, 1962లో గులేబకావళి కథకు పాటలు రాసి, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నారు. చిన్నప్పుడే హరికథలు, జానపదాలు ఆయన్ను ఆకట్టుకున్నాయి. ఆ ఊరిదే ఇంకో పేరుంది, మా దిక్కు తప్ప బయట అంతగా తెలియని పేరు. ఒగ్గు కథకు పెట్టింది పేరైన మిద్దె రాములు. 2010లో పోయారు. పాట రాసేవాళ్లలో ఒకరు, కథ చెప్పేవాళ్లలో ఒకరు, ఇద్దరూ ఒక్క ఊరి నీళ్లు తాగినవాళ్లే.

ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. దాన్ని వాయిస్తూ మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్తారు. డోలు, తాళం, నపీర తోడు. అసలు కథకుడు ఒకడు, అడుగడుగునా "ఆఁ… అట్లనా?" అంటూ అడిగే తోడు ఒకడు. మామూలు మాట నడుస్తూ నడుస్తూ ఎప్పుడు లయ అందుకుందో, లయ ఎప్పుడు రాగమైందో పట్టుకోలేం. మైకు లేని రోజుల్లో ఇది వందల మంది ముందు, రాత్రంతా. నాకు ఆ రాత్రుల్లోంచి గుర్తున్నది కేకలూ డోలు దెబ్బలూ కావు. కథలో ఒకచోట తల్లి కొడుకు చెవిలో రహస్యం చెప్పాలి. డోలు ఆగింది. కథకుడు గొంతు దించి గుసగుసగా పలికాడు. నేను చిట్టచివర, వేపచెట్టు గద్దె మీద, సగం నిద్రలో ఉన్నాను. ఆ గుసగుస నా దాకా వచ్చింది. లేచి కూర్చున్నాను.

అది ఎట్లా వచ్చిందన్నది నన్ను చాలా రోజులు వేధించింది. తర్వాత అక్కడా ఇక్కడా చదివితే కొంత తెలిసింది. మన గొంతులో రెండు చిన్న కండరపు మడతలు ఉంటాయి, వేలి గోరంత పొడవు. ఊపిరి తగిలి అవి కొట్టుకుంటాయి. మాట్లాడేటప్పుడు మగవాళ్లలో సెకనుకు నూరు పైచిలుకు సార్లు, ఆడవాళ్లలో రెండు వందల దాకా. అక్కడ పుట్టే చప్పుడు ఒట్టి బుయ్యిమనే చప్పుడే. డోలుకు తోలు ఒక్కటే ఉండి కింద బోలు కొయ్య లేకపోతే ఎట్లుంటుందో అట్లా. గొంతు గొట్టం, నోరు, నాలుక, పెదవులు కలిసి ఆ చప్పుడును మాట చేస్తాయి. యోహాన్ సుంద్‌బెరి అనే స్వీడన్ శాస్త్రవేత్త పాశ్చాత్య ఒపెరా గాయకుల గొంతులను కొలిచి, సెకనుకు మూడువేల కంపనాల దగ్గర వాళ్ల గొంతులో ప్రత్యేకమైన బలం ఉంటుందని చూపించాడు. పక్కన పెద్ద వాద్యబృందం మోగుతున్నా మైకు లేకుండా ఆ గాయకుడు వినపడటానికి కారణం అదే. వాద్యాల జోరు అంతకంటే కిందే ఎక్కువ. మనిషి చెవి కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కల చప్పుళ్లనే బాగా పట్టుకుంటుంది. మాటను విడగొట్టి చూపే హల్లుల పదును కూడా చాలావరకు ఆ పైవైపే ఉంటుంది. మా వాళ్లు "ఖంగుమంటది" అని ఒక్క ముక్కలో అనేది దీన్నే అనుకుంటాను. సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల మధ్య పనిచేసే మా బంధువు ఒకాయన ఆ మోతలో కూడా పక్కవాణ్ని పిలిచి మాట వినిపించగలడు. అరిస్తే వినపడదు, పళ్ల మధ్య నుంచి పలకాలె అంటాడు.

ఘంటసాల గురించి చెప్పాలంటే నాకు కొంచెం మొహమాటం. చిన్నప్పుడు ఆ గొంతు వింటే భయం. మా దగ్గర ఎవరైనా చనిపోతే ముందు మైకుసెట్టు వస్తుంది, ఆ తర్వాతే చుట్టాలు. మైకులో భగవద్గీత. పొద్దున నిద్రలేచి ఆ గొంతు వినపడితే, ఈ రోజు ఎవరు పోయారో అని అమ్మ బయటికి పరుగెత్తేది. నాకు ఆయన చావు కబురు తెచ్చే మనిషి. పన్నెండేళ్లప్పుడు అనుకుంటా, మాయాబజార్ చూసి వచ్చాక ఆ పడవలో పాటా ఈయనదే అని మా బాపు చెప్తే నమ్మలేదు. ఒకే మనిషి చావింట్లోనూ, వెన్నెట్లోనూ ఎట్లా ఉంటాడు?

ఇప్పుడు మళ్లీ మళ్లీ విన్నాక ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. గీతలో ఆయన శ్లోకం పాడి, వెంటనే తాత్పర్యం చెప్తారు. చాలామంది పాట నుంచి మాటకు దిగేటప్పుడు మెట్టు దిగినట్టు ఉంటుంది. ఈయన దగ్గర మెట్టు లేదు. శ్లోకం ఆగిన చోటే, ఆ బరువుతోనే మాట మొదలవుతుంది. ఇంటి పెద్దమనిషి పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. ఆరోగ్యం సరిగ్గా లేని రోజుల్లో పాడిన పాట అది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. ఆ రికార్డు బయటికి వచ్చింది తర్వాతే. అంటే జనం మొట్టమొదట విన్నప్పుడే అది పోయిన మనిషి గొంతు.

ఆ గొంతు వెనక కష్టం ఉంది. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, సంగీతం కోసం విజయనగరం చేరి, ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తి తింటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. 1942లో క్విట్ ఇండియా అంటూ జైలుకూ వెళ్లారు. కానీ నేను ఆయన్ను పెద్దవాణ్ని చేసేది పద్యం దగ్గర. నాటకాల్లో పద్యమంటే రాగమే రాజ్యం. పద్యం నాలుగు పాదాలు, చివర రాగం నలభై పాదాలు. వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటికి. ఈలపాట రఘురామయ్య లాంటి మహానుభావులు ఆ రాగంతోనే జనాన్ని కట్టిపడేశారు, కాదనను. ఘంటసాల సినిమాకు వచ్చి రాగాన్ని కత్తిరించారు. ఎక్కడ మాట విరగాలో అక్కడ విరిచి, ఎక్కడ అర్థం బరువెక్కుతుందో అక్కడ నిలిచి, మిగతాచోట రాగాన్ని మాట వెనక నడిపించారు. పుష్పవిలాపం విని ఏడ్చిన మా ఊరి వాళ్లలో పద్యం చదవగలిగినవాళ్లు ఎంతమంది? ఆయన చెప్పారు, వాళ్లకు అందింది.

సుశీల, జానకి అని మా ఇంట్లో రెండు పార్టీలు. అమ్మ జానకి పార్టీ. పసిపిల్లలా, ముసలివాడిలా ఎట్లా కావాలంటే అట్లా గొంతు మార్చగలదని ముచ్చట. 2013లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్న పౌరుషం కూడా నచ్చింది. సుశీల గొంతు మార్చదు. ఏ తారకు పాడినా సుశీలే. పదిహేడువేల పైచిలుకు పాటలు పాడినట్టు 2016లో గిన్నిస్ వాళ్లు లెక్కగట్టారు. అన్ని పాటల్లోనూ ఒత్తులు ఒత్తుల్లా, దీర్ఘాలు దీర్ఘాల్లా ఉంటాయి. నేను బాపమ్మ పార్టీయే. బాలు దగ్గరకు వస్తే మాత్రం పార్టీలు లేవు. శాస్త్రీయంగా గురువు దగ్గర కూర్చోకుండానే 1980లో వచ్చిన శంకరాభరణంలో పాడి జాతీయ పురస్కారం తెచ్చుకున్నాడు. అందరూ ఆ పాటలే చెప్తారు. నాకు మాత్రం అల్లు రామలింగయ్యకూ, రాజబాబుకూ పాడిన పాటల్లోనే ఆయన పెద్ద గాయకుడని అనిపిస్తుంది. కళ్లు మూసుకుని విన్నా నటుడి మూతి వంకర కనపడుతుంది.

ఇక మా కాక సంగతి. మా మండలంలో దుబాయి పోని ఇల్లు వెతకాలి. కాక కూడా పోయాడు, అరబ్బు సేటు కారు నడిపేవాడు. రెండేళ్లకు వచ్చినప్పుడు టేపురికార్డరు తెచ్చాడు. అప్పటి నుంచి మాకు ఉత్తరాలు బందయి, కాసెట్లు మొదలయ్యాయి. ఎర్ర మీట, దాని పక్క మీట రెండూ ఒక్కసారే నొక్కి ఇంటిల్లిపాదీ మాట్లాడేది. అటు పోయేవాళ్ల చేతికిచ్చి పంపితే కాక విని, దాని మీదనే తన మాటలు నింపి తిప్పి పంపేవాడు. ఒక కాసెట్‌లో అన్నాడు: "ఇక్కడ మా సేటు కార్ల ఎప్పుడు ఒక్క ముసలామె పాటనే వెడతడురా. గంట సేపు ఒక్కటే పాట. అదే మాటను తిప్పి తిప్పి చెప్తది. నాకు ఒక్క ముక్క తెల్వది గని, కారు ఆపబుద్ధి కాదు."

ఆమె ఉమ్ కుల్సూమ్ అని నాకు ఎన్నో ఏళ్లకు తెలిసింది. నైలు నది డెల్టాలోని పల్లెటూరి ఇమాము కూతురు. చిన్నప్పుడు తండ్రి మగపిల్లాడి వేషం వేయించి పాడించేవాడట. కైరో రేడియోలో నెలకొక గురువారం రాత్రి ఆమె కచేరీ వస్తే అరబ్బు దేశాల్లో వీధులు ఖాళీ అయ్యేవి. 1975లో ఆమె పోతే లక్షల జనం శవయాత్రకు కదిలింది. అంతటి గొంతుకు పునాది ఎక్కడంటే, పసితనంలో ఖురాను పారాయణం నేర్వడం. ప్రతి అక్షరం ఎక్కడ పుట్టాలో, ఎంతసేపు నిలవాలో తేడా రాకుండా పలకాలి అందులో. ఆ పలుకే ఆమె పాటలోకి వచ్చిందని అక్కడి సంగీతజ్ఞులు చెప్తారు. కాక నోట "చెప్తది" అన్న మాట ఊరికే రాలేదు.

ఇటీవలి సంగతి ఒకటి. 2023 మార్చిలో బలగం సినిమా వచ్చింది. తీసిన వేణు మా సిరిసిల్ల వాడే. ఊళ్లల్లో తెరలు కట్టి, చాపలు పరిచి చూశారు. సినిమా చివర పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పోయిన మనిషి గురించి కథ చెప్తారు. ఆయనది ఖంగుమనే గొంతు కాదు, అలసిన గొంతు. మెరుగు పెట్టలేదు. మా గ్రామపంచాయతీ ముందు తెర మీద అది నడుస్తుంటే, భూమి గెట్టు కోసం పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఇద్దరు అటొకడు ఇటొకడు కూర్చుని ముక్కులు తుడుచుకోవడం నేను చూశాను. ఆ రాత్రే కలిసిపోయారని చెప్పను. కేసు ఇంకా నడుస్తోంది. మొగిలయ్య మరుసటి ఏడు డిసెంబరులో పోయారు. అంతకు ముందు 2023 ఆగస్టులో గద్దర్. గద్దర్ గొంతు గురించి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ భుజం మీది గొంగడి సర్దుకున్నంత సులువుగా పాటలోకి పోయేవాడు.

ఇప్పుడు మా జగిత్యాల, సిరిసిల్ల చుట్టూ యూట్యూబు పాటల కోసం చిన్న చిన్న స్టూడియోలు వెలిశాయి. మా అన్న బిడ్డ ఒక దాంట్లో పాడింది. శ్రుతి తప్పినచోట కంప్యూటరు సరిచేసిందట. విన్నాను, ఎక్కడా తప్పు లేదు. "బాగుందా చిన్నబాపూ?" అంది. బాగుందన్నాను. రెండో చరణంలో ఏమన్నావమ్మా అని అడిగితే, పాటను మళ్లీ నాకు మామూలుగా, మంచం మీద కూర్చుని చెప్పింది. అది నిజంగా బాగుంది. దాన్ని ఎవరూ రికార్డు చేయలేదు.

రికార్డు అంటే గుర్తొచ్చింది. బాపమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఫోటో ఒక్కటే ఉంది, గొంతు ఎక్కడా లేదనుకున్నాం. కాకకు ఒక బతుకమ్మ పండుగకు ఆమె పాట చెప్పి పంపింది, నిజమే. కానీ ఆ కాసెట్ మీదనే కాక తన మాటలు నింపేశాడు కదా. పోయిన దసరాకు అటక దులుపుతుంటే ఆ కాసెట్ దొరికింది. పాత టేపురికార్డరు బాగుచేయించి పెట్టాం. కాక మాట్లాడాడు, పైసలు ఎవరితో పంపిందీ, సేటు ఎట్లాంటి వాడన్నదీ, చెల్లె పెండ్లి సంగతీ. "మరి ఉంట" అన్నాడు. టక్కుమని మీట చప్పుడు. లేవబోయాను.

అప్పుడు బాపమ్మ వచ్చింది. చరణం నడుమ, ఒక మాట సగంలో నుంచి. కాక మాటలు అక్కడికి అయిపోయాయి కనుక ఆ చివరి ముక్క చెరగకుండా మిగిలిపోయింది. టేపు సాగి గొంతు కొంచెం మగ గొంతులా అయింది. వెనక కత్తెర ఆడుతోంది. పాట చెప్తూ కూడా చేతిపని ఆపలేదన్నమాట. నిమిషం కూడా లేదు. ప్రతి అక్షరం వినపడింది. పాట అయిపోయింది, దగ్గింది, ఆ తర్వాత పక్కన ఎవరినో అడుగుతోంది:

"ఎక్కిందానే? మల్ల చెప్పాల్నా?"